బీటిల్ వెనక సీటు మార్చడానికి పట్టిన 98 రోజులు

జనవరి 19, ఆదివారం. అత్తయ్యని ఇంటి దగ్గర దింపడానికి మా 1970 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో బయల్దేరాం. నేను నడుపుతున్నాను, పక్కన నాన్న, వెనక కుడివైపు అత్తయ్య. ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగాక "ఏదో కాలుతున్న వాసన రావడం లేదూ?" అంది. ఈ కారుకి ఇంజిన్ వెనకే ఉంటుంది. పైగా పాత బండి, ఎప్పుడూ ఏదో ఒక వాసన వస్తూనే ఉంటుంది. పట్టించుకోలేదు. ఇంకో రెండు నిమిషాలకి గొంతు పెంచింది. "ఒసే, నా కింద వేడిగా ఉందే! బండి ఆపు!"

బీటిల్‌కి రెండే తలుపులు. వెనకవాళ్ళు దిగాలంటే ముందు కూర్చున్నవాళ్ళు దిగి సీటు వంచాలి. నాన్న బెల్టు తీసుకుని, దిగి, సీటు వంచి, అత్తయ్య చెయ్యి పట్టుకుని బయటికి లాగేసరికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం నాకు ఇంకా కలలోకి వస్తోంది.

వెనక సీటు ముందంచు పట్టుకుని పైకి లేపాను. అడుగున, సరిగ్గా అత్తయ్య కూర్చున్న చోట, స్ప్రింగుల మధ్య పీచు ఎర్రగా రాజుకుంటోంది. మంట లేదు, పొగ మాత్రం సన్నగా లేస్తోంది. సీటుని రోడ్డు పక్కకి ఈడ్చి మంచినీళ్ళ సీసా పోశాం. ఆరిపోయిందనుకున్నాం. పది నిమిషాలకి మళ్ళీ పొగ. ఆ సీటు లోపలి మెత్త రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు. అది పైకి ఆరినట్టే ఉండి లోపల రాజుతూనే ఉంటుంది. నాలుగు సీసాలు పోస్తే గానీ చల్లారలేదు. మంటలార్పే సిలిండర్ లేదా అంటే ఉంది, ముందు డిక్కీలో, స్టెప్నీ వెనకాల, సామాన్ల అడుగున. ఇప్పుడు డ్రైవరు సీటు పక్కన బిగించాను.

బీటిల్ ఉన్నవాళ్ళకి సంగతి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఈ కారు బ్యాటరీ వెనక సీటు కింద, కుడివైపు ఉంటుంది. దాని మీద ఒక మూత ఉండాలి. మా దాంట్లో ఆ మూత ఎప్పుడో పోయింది. అది లేకపోయినా ఇన్నేళ్ళు ఏమీ కాలేదంటే బ్యాటరీ పొట్టిది కాబట్టి. రెండేళ్ళ కిందట అది పాడైతే, షాపులో దొరికిందేదో తెచ్చి పెట్టింది నేనే. దాని ఎత్తు 22 సెంటీమీటర్లకి పైనే, టెర్మినళ్ళు కొమ్ముల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. మనిషి కూర్చుని స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడగానే సీటు స్ప్రింగు వంగి టెర్మినల్‌ని తాకి షార్ట్ సర్క్యూట్ అయింది. ఇంటికొచ్చాక సీటు తిరగేసి చూస్తే రెండు స్ప్రింగుల చుట్టలు వెల్డింగ్ రాడ్డు తాకినట్టు మాడి, ఒకదాని మీద చిన్న గుంట పడి ఉంది. టెర్మినల్ నెత్తి మీద కూడా సరిగ్గా అలాంటి గుంటే.

అత్తయ్య మాత్రం తప్పు తన బరువుదే అనుకుంది. "మీ ఇంట్లో ఇంకెవరు కూర్చున్నా కాలేది కాదేమో" అని ఫోనులో రెండు సార్లు అంది. తప్పు నాదేనని ఎంత చెప్పినా ఊరుకోలేదు.

ఇక సీటు. కింది దిమ్మ సగం కాలింది, మిగతా సగం తడిసి కుళ్ళు వాసన. వెనక ఆనుకునేది కాలలేదు గానీ కుట్లు ఎప్పుడో విడిపోయాయి. బాగుచేయించడం కన్నా మొత్తం మార్చేయడమే తేలికని తేల్చుకున్నాను. ఎంత తేలికో మీరే చూడండి.

జనవరి 27న ఆన్‌లైన్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను. "1970 బీటిల్ వెనక సీటు, పూర్తి సెట్టు, మంచి కండిషన్." ఫొటోలు బావున్నాయి. కొలతలు అడగలేదు. బీటిల్ అంటే బీటిలే కదా అనుకున్నాను! రవాణా బిల్లు చూసి మొదటి షాక్. సీటు బరువు పెద్దగా ఉండదు, ట్రాన్స్‌పోర్టువాళ్ళు మాత్రం బరువుకి కాదు, అది ఆక్రమించే చోటుకి డబ్బు తీసుకుంటారు. సీటు ధరలో సగానికి పైగా అక్కడే పోయింది. 23 రోజులకి, ఫిబ్రవరి 19న వచ్చింది.

విప్పగానే సంబరం. కవరు చిరగలేదు, స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. సాయంత్రం మా ఆయనా నేనూ కలిసి కారులో పెట్టి చూశాం. కింది దిమ్మ ఎలాగో కూర్చుంది. వెనక ఆనుకునేది నిలబెడితే రెండు పక్కలా సందు. నా పిడికిలి దూరేంత సందు. మడతబందు బోల్టులు బాడీకి ఉన్న రంధ్రాలకి అందవు. ముందు మా ఆయన తిప్పి పెట్టాడేమో అనుకున్నాను. తిప్పి చూశాం, మళ్ళీ తిప్పి చూశాం. ఒక అరగంట ఇద్దరం ఒకరి మీద ఒకరు విసుక్కున్నాక అప్పుడు వెలిగింది. అది టాపు మడిచే బీటిల్ సీటు. కన్వర్టబుల్‌లో పైకప్పు మడతపెట్టే సరంజామా అంతా వెనక సీటుకి రెండు పక్కలా సర్దుకోవాలి, అందుకని దాని సీటు వీపు సన్నంగా చేస్తారు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "బీటిల్ సీటు అని రాశాను, బీటిల్ సీటే పంపాను" అన్నాడు. అది నిజమే, ఏం చేస్తాం? వాపసు లేదు. ఆ సీటు మా హాల్లో సోఫా పక్కన రెండు నెలలు ఉంది. చివరికి కన్వర్టబుల్ ఉన్నాయన ఒకాయన వచ్చి పట్టుకుపోయాడు. రవాణా ఖర్చు మాత్రం నా నెత్తినే.

ఆ ఆదివారం, ఫిబ్రవరి 23న, చెయ్యాల్సిన పని ఆలస్యంగానైనా చేశాను. టేపు పట్టుకుని కారులో కూర్చుని కొలతలన్నీ రాసుకున్నాను. మీరు కొనబోతుంటే ఈ నాలుగూ తప్పనిసరిగా అడగండి. వీపు పలక అత్యంత వెడల్పైన చోట ఎంత, రెండు మడతబందుల బోల్టు రంధ్రాల మధ్య దూరం ఎంత, కింది దిమ్మ ముందంచు నించి వెనకంచుకి లోతెంత, దిమ్మ అడుగున కుడివైపు బ్యాటరీ కోసం వదిలిన ఖాళీ ఎంత. చివరిది ఎవరూ అడగరు. అమ్మేవాళ్ళకి సీటు తిరగేసి కొలవాలంటే బద్ధకం. బద్ధకించేవాళ్ళ దగ్గర కొనకండి.

మార్చి 2న రెండో సీటు దొరికింది. పాత కార్ల పిచ్చి ఉన్న ఒక తెలిసినాయన షెడ్డులో పైకప్పు నలిగిపోయిన బీటిల్ ఒకటుంది, మామూలు రెండు తలుపుల సెడాన్, 1969ది. "సీటు మీరే ఊడదీసుకుని వెళ్ళండి" అన్నాడు. కింది దిమ్మ తియ్యడం చిటికెలో పని, దానికి బోల్టులుండవు. ముందంచు లేపి ముందుకి లాగితే వచ్చేస్తుంది. వీపు పలక మడతబందుల దగ్గరే కథంతా. బోల్టులు తుప్పు పట్టి బాడీతో కలిసిపోయాయి. జంగు వదిలించే నూనె కొట్టి ఒక గంట ఆగాం. కదల్లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం, రాత్రంతా నానాక మూడు వచ్చాయి. నాలుగోది తలకాయ తెగింది, స్పానరు జారి నా వేలి కణుపు చర్మం కూడా దాంతోపాటే పోయింది. గ్లవ్స్ కారులోనే ఉన్నాయి. వేసుకోలేదు, అంతే.

ఈ సీటు కవరు పనికిరాదని ముందే తెలుసు. ఎలకలు లోపల గూడు పెట్టుకున్నాయి, ఎవరిదో రోడ్డు మ్యాపు కొరికి గుండ చేసి పరుచుకున్నాయి. నాక్కావల్సింది ఇనప చట్రం, స్ప్రింగులు. అవి బావున్నాయి. కొత్త కవర్ల సెట్టు, కొత్త పీచు పలకలు మార్చి 5న ఆర్డరు పెట్టాను. ఈసారి మోడలు ఏడాది, సెడాన్, కొలతలు అన్నీ రాసి, వాళ్ళ చేత అవునని రాయించుకున్నాకే డబ్బు కట్టాను. మూడు వారాలన్నారు.

మార్చి 8. సీటు వచ్చేలోగా కింద శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ఇక్కడే నా ప్లాన్ మొత్తం తలకిందులైంది.

బ్యాటరీ తీశాను. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. దాని కింద నేల మీద తెల్లటి, పచ్చటి బూడిదలాంటిది గడ్డకట్టి ఉంది. ఏళ్ళ తరబడి కారిన యాసిడ్. వంట సోడా నీళ్ళలో కలిపి పోస్తే బుసబుసమని నురగ. నురగ ఆగేదాకా పోసి, కడిగి, తుడిచి, స్క్రూడ్రైవరు మొనతో మెల్లిగా తట్టాను. టక్, టక్, టక్, ఫుక్. మొన కిందికి దిగిపోయింది. కారు కింద పడుకుని చూసిన మా ఆయన "నీ స్క్రూడ్రైవర్ కనిపిస్తోంది" అన్నాడు.

మా బ్యాటరీ ఇన్నాళ్ళూ తుప్పు రేకు మీద, పాత తారు పొర మీద, దేవుడి దయ మీద నిలబడి ఉంది. కొత్త సీటు మీద మనుషుల్ని కూర్చోబెట్టడానికి ముందు ఆ నేల మార్చాలి. బీటిల్‌కి ఇది చాలా మామూలు జబ్బట. ఎంత మామూలంటే బ్యాటరీ కింది ముక్క ఒక్కటే విడిగా తయారుగా దొరుకుతుంది.

మార్చి 10న టింకరింగ్ షెడ్డులో బండి వదిలాను. "నాలుగు రోజులమ్మా" అన్నాడాయన. 31 రోజులు పట్టింది. మొదటి పది రోజులు అసలు ముట్టుకోలేదు, వేరే యాక్సిడెంట్ బండి వచ్చిందట. తర్వాత తీసిన కొద్దీ తుప్పు పెద్దదైంది. కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆయన ఒక్క రోజు కూడా పని తప్పుగా చెయ్యలేదు, తేదీలు మాత్రమే తప్పు చెప్పాడు. ఈ రెండిట్లో నాకు రెండోదే నయం.

అక్కడ నేను పట్టుబట్టినవి రెండున్నాయి. వెనక సీటు కింద, మధ్యలో సొరంగంలా సాగే దిమ్మ మీద ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. అది గ్రైండరుకి దొరికితే బండి గుర్తింపే పోతుంది. ఫొటోలు తీసి, దాని మీద మూడు పొరలు టేపు అంటించి, పైన ఎర్ర మార్కరుతో "ముట్టుకోవద్దు" అని రాశాను. రెండోది పెట్రోలు. "టాంకు ముందుంది కదమ్మా, వెనక వెల్డింగుకి భయమేంటి" అన్నాడాయన. టాంకు ముందే ఉంది, ఇంజిన్ వెనక ఉంది. మరి పెట్రోలు ఎలా వస్తుంది? ఆ సొరంగంలోంచి వెళ్ళే పైపులోంచే. అది చెప్పగానే చేతిలో వెల్డింగ్ టార్చి కింద పెట్టేశాడు. ఆ రోజు పని ఆపి, టాంకు ఖాళీ చేసి, లైను రెండు వైపులా మూసి, మర్నాడు మొదలుపెట్టాడు. ఎవరి పని వాళ్ళకి తెలుసని ఊరుకునేదాన్నే. అత్తయ్య ఉదంతం తర్వాత నాకు మొహమాటం పోయింది.

బండి అక్కడుండగా ఇక్కడ సీటు చట్రం పని. కుషన్ పని చేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు, డెబ్భై దాటి ఉంటాయి. ఇంటికి వస్తానన్నాడు, కాకపోతే "నేను కూర్చుని చెప్తాను, నువ్వు చెయ్యాలి" అని షరతు. పాత కవరు విప్పడం మొదటి పాఠం. కవరు అంచులు చట్రానికి రెండు రకాలుగా పట్టి ఉంటాయి. అంచు పొడుగునా రేకులోంచి లేచిన చిన్న చిన్న పళ్ళు కొన్నిచోట్ల, పంది రింగులనే సి ఆకారపు తీగ రింగులు మిగతాచోట్ల. ఇంగ్లీషులో హాగ్ రింగులంటారు. నేను కటింగ్ ప్లేయరుతో టకటకా తెంపేస్తుంటే బాబాయ్ ఆపాడు. "ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో రాసుకో తల్లీ. ఎక్కించేటప్పుడు నీకు ఇదే మ్యాపు." రాసుకున్నాను, ఫొటోలు తీశాను. తర్వాత ఆ ఫొటోలు ఎన్ని సార్లు చూశానో లెక్కలేదు.

మా కాలిన సీటు కూడా అప్పుడే కోసి చూశాం, పనికొచ్చే తీగలేమైనా ఉంటాయని. లోపల మూడు పెన్ను మూతలు దొరికాయి. పెన్ను ఒక్కటీ లేదు.

చట్రం తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన నల్ల రంగు వేసి, రెండు రోజులు ఆరబెట్టాను. స్ప్రింగులు ఒక్కొక్కటి చేత్తో నొక్కుతూ వెళ్ళాం. రెండు చోట్ల కట్టుతీగ తెగింది, బాబాయ్ కొత్త తీగ చుట్టి బిగించాడు. పీచా, ఫోమా అన్న దగ్గర మా ఇద్దరికీ గొడవ. ఫోమ్ చవక, వెంటనే దొరుకుతుంది, కోసుకోవడం తేలిక అంటాడాయన. నిజమే. కానీ కవరు కుట్టింది పీచు పలక ఆకారానికి. ఫోమ్ వేస్తే మూలలు గుండ్రంగా ఉబ్బుతాయి, మధ్య గీతలు మాసిపోతాయి. అలా ఉన్న బీటిల్ సీట్లు నేను రెండు మూడు చూశాను, పరుపులా ఉంటాయి. మరి పీచే కదా తగలబడింది అన్నాడు. తగలబడింది పీచు వల్ల కాదు బాబాయ్, బ్యాటరీ వల్ల. ఫోమ్ అయితే అంటుకోదా? ఆయన కాసేపు ఆలోచించి "సరే, నీ బండి" అన్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, వదిలేసినట్టు.

మూడు వారాలన్న కవర్లు ఏప్రిల్ 16న వచ్చాయి, అంటే 42 రోజులు. బండి ఏప్రిల్ 10నే వచ్చేసింది. ఆ ఆరు రోజులూ వెనక సీటు లేని బీటిల్ నడిపాను. లోపల మాట వినిపించదు. ఇంజినుకీ మనకీ మధ్య ఆ సీటు ఎంత చప్పుడు మింగుతోందో అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 22, 23 కవరు ఎక్కించిన రోజులు. రెండు రోజులూ ఎండగా ఉండటం అదృష్టం. మడతపెట్టి వచ్చిన వినైల్ చలిలో అట్టలా బిర్రుగా ఉంటుంది, గంటసేపు ఎండలో పరిస్తే చెప్పిన మాట వింటుంది. ముందు స్ప్రింగుల మీద గోనెగుడ్డ, దాని మీద పీచు పలక, పైన పల్చటి దూది పొర, అప్పుడు కవరు. కవరు అడుగున కుట్టిన సన్నటి గొట్టంలో పాత కవరులోంచి తీసిన తీగ దూర్చాలి, రింగులు పట్టుకునేది ఆ తీగని. పాత తీగ పారేసి ఉంటే ఆ రోజు పని ఆగిపోయేది.

మొదటి సారి నేను ఎడమ మూల నించి మొదలుపెట్టి వరసగా కుడికి బిగించుకుంటూ పోయాను. కుడి మూలకి వచ్చేసరికి రెండు అంగుళాల గుడ్డ మిగిలింది, ఎడమవైపు ముడతలు. బాబాయ్ అంతసేపూ చూస్తూనే ఉన్నాడు, చెప్పలేదు. అన్నీ విప్పించాడు. "మధ్యలో ఒకటి. ఎదురుగా ఒకటి. ఆ పక్కనొకటి, ఈ పక్కనొకటి. మూలలు ఆఖర్న." రెండో సారి ముడతలు సగం తగ్గాయి. మూడో సారి వచ్చింది. మూలల్లో మిగిలిన చిన్న ముడతలకి హెయిర్ డ్రయ్యరు చూపిస్తూ అరచేత్తో రుద్దితే దిగిపోయాయి. డ్రయ్యరు మరీ దగ్గరికి పెట్టకండి, ఒకచోట వినైల్ గరుకుతనం పోయి నున్నగా మెరుస్తోంది నాకు. రెండు రోజుల తర్వాత బొటనవేలు, చూపుడువేలు గిన్నె పట్టుకోవడానికి కూడా రాలేదు. ఎడమవైపు పైపింగు, అంటే కుట్టు వెంబడి ఉబ్బెత్తుగా ఉండే అంచు, ఒక చోట పాములా వంకర తిరిగింది. నాలుగో సారి విప్పే ఓపిక లేక వదిలేశాను. ఇప్పుడు కారెక్కితే నాకు కనిపించేది అదొక్కటే. ఇంకెవరికీ కనిపించదు.

ఏప్రిల్ 27, ఆదివారం. బిగించే రోజు. అరగంట పని అనుకుని తొమ్మిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండున్నరకి ముగించాం.

ముందు బ్యాటరీ. ఈసారి 17.5 సెంటీమీటర్ల ఎత్తున్నది తెచ్చాను, దీని టెర్మినళ్ళు పై అంచు కన్నా దిగువన గుంటలో ఉంటాయి. నేలకి బిగించే పట్టీ కొత్తది. మందపాటి కేబుల్ నేలలోంచి కిందికి దిగే రంధ్రం దగ్గర రబ్బరు రింగు పగిలి ఉంది, అదీ మార్చాం. రేకు అంచు ఆ కేబుల్‌ని కోస్తే మళ్ళీ మొదటికొస్తాం. బ్యాటరీ మీద ప్లాస్టిక్ మూత, మూత మీద రబ్బరు షీటు.

ఇంత చేసినా నాకు నమ్మకం కుదరలేదు. స్ప్రింగు కిందికి ఎంత దిగుతుందో బయటి నించి కనిపించదు కదా. పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి తీసుకుని, కేబుళ్ళు ఊడదీసి, మూత మీద నాలుగు చోట్ల పెద్ద ముద్దలు పెట్టాను. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, పైన సీటు. మా ఆయన్నీ మా తమ్ముణ్ణీ ఇద్దర్నీ కుడివైపే ఒకరి మీద ఒకరు పడేలా కూర్చోబెట్టి ఎగరమన్నాను. చుట్టుపక్కల పిల్లలు చూసి నవ్వారు. సీటు లేపితే మట్టి మీద స్ప్రింగు చుట్టల అచ్చులు చక్కగా పడ్డాయి. అత్యంత పల్చగా అణిగిన చోట ముద్ద మందం స్కేలుతో కొలిస్తే 2 సెంటీమీటర్లు. ఇద్దరు మగాళ్ళు ఎగిరినా మూతకి అంత ఎడం ఉంది. ఈ మూడు నెలల్లో నాకు గుండె కుదుటపడింది ఆ రెండు సెంటీమీటర్లు చూశాకే.

తర్వాత వీపు పలక. మడతబందుల బోల్టులు నాలుగూ చేత్తో తిప్పి ఎక్కించి, అన్నీ పట్టుకున్నాకే స్పానరుతో బిగించాం. ఒకటి ముందే బిగిస్తే మిగతా మూడూ రంధ్రాలకి అందవు. ఆ తర్వాత కింది దిమ్మ, వెనక్కి తోసి కిందికి అదిమితే కూర్చోవాలి. కూర్చోలేదు. కొత్త పీచు బాగా ఎత్తుగా ఉండటం వల్ల రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. మా తమ్ముడు మోకాళ్ళతో ఎక్కి తొక్కాడు, నేను వెనక నించి లాగాను, ఎలాగో "థప్" మని దిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. అప్పుడు నాన్న కిటికీలోంచి తొంగిచూసి అడిగాడు.

"బెల్టులేవి?"

సీటు బెల్టుల బకిళ్ళన్నీ దిమ్మ కింద ఉండిపోయాయి. మళ్ళీ తియ్యాలి. ఆ క్షణం నేను అన్న మాటలు ఇక్కడ రాయను. తీశాం, బకిళ్ళు పైకి లాగి టేపుతో వీపు పలకకి అంటించి, మళ్ళీ పెట్టాం. రెండో సారి పది నిమిషాల్లో దిగింది. బెల్టు బోల్టులు కూడా పనిలో పనిగా కొత్తవి వేశాను. వాటి మర దాదాపు ఎక్కడైనా ఒకటే, 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. బాడీ రంధ్రాల్లో పెయింటు గడ్డకట్టి ఉంటే బోల్టు సగంలో ఆగుతుంది, బిగిసిందనుకుని వదిలేస్తారు. ముందు శుభ్రం చేసి, చేత్తో చివరిదాకా తిరుగుతుందో లేదో చూసుకోండి.

వీపు పలకని నిలబెట్టి పట్టుకునే పట్టీ ఆఖర్న తెగింది. పాత తోలు, లాగగానే రెండు ముక్కలు. దానికి ఇంకో తొమ్మిది రోజులు. ఈ ఒక్కటీ పాతదే వాడదామనుకున్నాను పిసినారితనంతో.

ఖర్చు సంగతి. రెండో సీటుకి ఇచ్చింది ఒక వంతు అనుకుంటే, కవర్లూ పీచూ కలిపి మూడు వంతులు, టింకరింగ్ అయిదు వంతులు, బ్యాటరీ, మూత, కేబుల్, చిల్లర సామాను ఇంకో రెండు. మొదటి సీటు అమ్మగా వచ్చింది తీసేసినా దాని మీద ఒక వంతు పోయింది. బాబాయ్ కూలీ ఎంతో చెప్పలేదు. ఇచ్చింది లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. మనం "సీటు" అనుకుని పక్కన పెట్టుకున్న డబ్బు మొత్తంలో పన్నెండో వంతు.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి. కొత్త నలుపు, యాభై ఏళ్ళ నలుపు ఒకటి కావు. ఇన్నాళ్ళూ ముందు సీట్లు నల్లగానే ఉన్నాయనుకున్నాను. ఇప్పుడు చూస్తే బూడిద రంగు. మా ఆయన నా ముఖం చూసి "వద్దు" అన్నాడు. నేనింకా ఏమీ అనలేదు.

మొదటి పది రోజులు సీటు బాగా ఎత్తుగా ఉంది, తల పైకప్పుకి దగ్గరగా అనిపించేది. వినైల్ వాసన, కూర్చుంటే కిర్రుమనే చప్పుడు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరం వెళ్ళి వెనక కూర్చుని పుస్తకం చదువుకునేవాళ్ళం, పీచు అణగాలని. ఇప్పుడు దాదాపు సర్దుకుంది.

మే 11న అత్తయ్య వచ్చింది. దింపడానికి కారు తీస్తే ఎక్కలేదు. "ముందు అది లేపి చూపించు" అంది. సీటు లేపాను. మూత చూసింది, మూత మీద రబ్బరు షీటు వేలితో నొక్కి చూసింది, కొత్త రేకు మీద చెప్పు కాలితో తట్టింది. మట్టి ముద్దల సంగతి చెప్తే "ఇద్దరు మగాళ్ళే?" అని రెండు సార్లు అడిగింది. ఆ తర్వాత ఎక్కి ఎడమవైపు కూర్చుంది. చేతిసంచి కుడివైపు పెట్టింది.